ఢిల్లీతో పోరు, ఢిల్లీతోనే బేరం: మర్రి చెన్నారెడ్డి రాజకీయం

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో, ఆంధ్రతో తెలంగాణ విలీనానికి షరతులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం పెట్టిన నలుగురిలో మర్రి చెన్నారెడ్డి ఒకరు. పదమూడేళ్ల తర్వాత, ఆ ఒప్పందాన్ని తుంగలో తొక్కారంటూ లేచిన ఉద్యమానికి ఆయనే నాయకుడయ్యారు. మరో రెండేళ్లకు ఆ ఉద్యమ పార్టీని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశారు. 1978 వచ్చేసరికి, ఏ రాష్ట్రం నుంచి విడిపోవాలని జనాన్ని నడిపించారో ఆ రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ మలుపులు చూసి చాలామంది ఆయన్ను ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తెలంగాణవాదుల్లో ఒక తరానికి ఆయన ఉద్యమాన్ని అమ్ముకున్న మనిషి. పాత కాంగ్రెస్ వాళ్లకు ఎన్నికలు గెలిపించడం తెలిసిన గట్టి నాయకుడు. రెండు మాటలకూ ఆధారాలున్నాయి. కానీ రెండూ మనిషి స్వభావం దగ్గరే ఆగిపోతాయి. నలభై నాలుగేళ్ల ఆయన పదవుల చరిత్రను వరసగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆయనకు బలం ఎప్పుడు వచ్చినా జనంలోంచే వచ్చింది. ఆ బలానికి ఖరీదు కట్టింది మాత్రం ప్రతిసారీ ఢిల్లీ. ఖరీదు ముట్టినప్పుడు వెళ్లారు, ముట్టనప్పుడు తిరగబడ్డారు, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లారు. ఆ బేరంలో ఆయనకు దక్కింది ఎంత, ఆయన్ను నమ్మినవాళ్లు పోగొట్టుకున్నది ఎంత అన్నది ఇప్పటికీ తేల్చుకోవాల్సిన లెక్క.

సంతకం పెట్టిన చేయి

చెన్నారెడ్డి 1919 జనవరి 13న వికారాబాద్ ప్రాంతంలో పుట్టారు. హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ చదివారు. నిజాం పాలనలో ఆంధ్ర మహాసభ, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ల మీదుగా రాజకీయాల్లోకి వచ్చారు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో వికారాబాద్ నుంచి గెలిచి, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయ్యేనాటికి ఆయన వయసు 33 ఏళ్లు. చాలామంది నాయకులు జిల్లా స్థాయిలో తంటాలు పడే వయసులో ఆయన రాష్ట్ర మంత్రి.

1955 సెప్టెంబరులో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక వచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని అందులో ఉంది. కొండా వెంకట రంగారెడ్డితో పాటు చెన్నారెడ్డి కూడా విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఉన్నారు. ఢిల్లీ మాత్రం విశాలాంధ్ర, అంటే తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం వైపు మొగ్గింది. ఆపలేమని తేలాక షరతులైనా రాబట్టుకుందామన్న ఆలోచనతో పుట్టిందే పెద్దమనుషుల ఒప్పందం. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు పెట్టారు. తెలంగాణ వైపు బూర్గుల, రంగారెడ్డి, జె.వి.నర్సింగరావు, చెన్నారెడ్డి.

ఆ కాగితంలో ఉన్నవి చిన్న హామీలు కావు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలి. కింది స్థాయి ఉద్యోగాలు స్థానికులకే, అదీ పన్నెండేళ్ల నివాసం ఉన్నవాళ్లకే. మంత్రివర్గంలో 60:40 వాటా. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు. వీటిని కనిపెట్టుకుని ఉండటానికి ఒక ప్రాంతీయ మండలి. 1956 నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడింది. సంజీవరెడ్డి తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రే లేరు. ఒప్పందం మీద సిరా ఆరకముందే ఒక షరతు అలా పోయింది.

అయినా చెన్నారెడ్డి రాజీనామా చేసి బయటికి రాలేదు. 1962లో తాండూరు నుంచి గెలిచి రాష్ట్ర మంత్రివర్గంలో పెద్ద శాఖలే చూశారు. ఒప్పందం ఉల్లంఘన ఏళ్ల తరబడి సాగుతున్నప్పుడు ఆయన ప్రభుత్వం లోపలే ఉన్నారు. 1969లో ఆయన ఉద్యమ వేదిక ఎక్కినప్పుడు ప్రత్యర్థులు ముందుగా అడిగిన ప్రశ్న ఇదే. ఆ ప్రశ్న న్యాయమైనదే.

తాండూరు తీర్పు

1967లో తాండూరు నుంచి మళ్లీ గెలిచారు. ఇందిరా గాంధీ ఆయన్ను కేంద్రంలోకి తీసుకుని ఉక్కు, గనుల శాఖ అప్పగించారు. అక్కడి నుంచి జాతీయ నాయకుడిగా ఎదగడానికి దారి తెరుచుకున్నట్టే కనిపించింది. కానీ తాండూరులో ఆయన చేతిలో ఓడిన వందేమాతరం రామచంద్రరావు కోర్టుకెక్కారు. ఆర్య సమాజ్ ఉద్యమంలోంచి వచ్చిన రామచంద్రరావు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఎన్నికల్లో అవినీతి పద్ధతులకు పాల్పడ్డారని 1968లో హైకోర్టు చెన్నారెడ్డి ఎన్నికను కొట్టేసింది. కేంద్ర మంత్రి పదవి పోయింది. ఆ ఏడాది చివర్లో సుప్రీంకోర్టు కూడా తీర్పును ఖాయం చేసింది. ఆరేళ్ల పాటు ఎన్నికల్లో పోటీకి అనర్హుడు.

అప్పటికి ఆయన వయసు 49. రాజకీయ నాయకుడికి అది పండాల్సిన వయసు. మంత్రి కాలేరు, ఎమ్మెల్యే కాలేరు, ఎంపీ కాలేరు. సరిగ్గా ఆ నెలల్లోనే తెలంగాణ భగ్గుమంది.

1969: ఉద్యమానికి నాయకుడు దొరికాడు, నాయకుడికి ఉద్యమం దొరికింది

ఉద్యమాన్ని మొదలుపెట్టింది చెన్నారెడ్డి కాదు. ఖమ్మం జిల్లాలో, ముఖ్యంగా పాల్వంచ థర్మల్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న కోపం విద్యార్థుల నిరాహార దీక్షలుగా మారి, 1969 జనవరి నాటికి ఉస్మానియా దాకా పాకింది. ప్రభుత్వం అఖిలపక్షం పెట్టి, జనవరి 21న జీవో 36 ఇచ్చింది. ముల్కీలు, అంటే స్థానికులు కాని ఉద్యోగులను ఫిబ్రవరి 28 లోపు వెనక్కి పంపిస్తామని అందులో ఉంది. అది అమలు కాలేదు, కోర్టుల చుట్టూ తిరిగింది. ఆంధ్ర ప్రాంతంలో దానికి ఎదురు ఆందోళన లేచింది. ఇటు, రక్షణలు కాదు, రాష్ట్రమే కావాలన్న నినాదం ఊపందుకుంది. మార్చిలో తెలంగాణ ప్రజాసమితి ఏర్పడింది. మొదట దాన్ని నడిపింది న్యాయవాది మదన్‌మోహన్. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవి వదిలేశారు.

చెన్నారెడ్డి మే నెలలో సమితి అధ్యక్షుడయ్యారు. అప్పటికే వీధుల్లో రక్తం పారింది. ఆ ఏడాది కాల్పుల్లో చనిపోయినవాళ్లు 369 మంది అని ఉద్యమకారులు చెబుతూ వచ్చారు, ప్రభుత్వ లెక్క అంతకంటే చాలా తక్కువ. లెక్క ఏదైనా, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు. పదవి పోయిన నాయకుడు ఆ పిల్లల ఉద్యమం మీద ఎక్కి కూర్చున్నాడన్న విమర్శ ఆనాడే వచ్చింది.

ఈ విమర్శలో నిజం ఉంది కానీ పూర్తి నిజం లేదు. విలీనాన్ని 1955లోనే వ్యతిరేకించిన మనిషికి తెలంగాణ వాదం 1969లో కొత్తగా పుట్టింది కాదు. కాకపోతే మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఆ వాదం ఆయన గొంతులో వినిపించలేదు. కోర్టు తీర్పు ఆయన్ను అధికారంలోంచి బయటికి నెట్టకపోతే ఆయన వచ్చేవారా? రాకపోవచ్చు. మరి ఆయన రాకపోతే సమితి ఊరూరికీ విస్తరించి, ఎన్నికలు గెలిచే యంత్రాంగంగా మారేదా? అదీ అనుమానమే. విద్యార్థులకు తెగింపు ఉంది, ఉద్యోగులకు కోపం ఉంది. పల్లెల్లో పటేళ్లను, పంచాయతీ సమితి ప్రెసిడెంట్లను, కాంగ్రెస్‌లోని అసంతృప్తులను ఒక తాటి మీదకు తేగలిగిన పరిచయాలు చెన్నారెడ్డికి ఉన్నాయి. జూన్‌లో అరెస్టై జైలుకు వెళ్లాక ఆయన నాయకత్వానికి ఎదురు లేకుండా పోయింది.

ఈలోగా మిగులు నిధుల మాట తేల్చడానికి కేంద్రం వేసిన జస్టిస్ భార్గవ కమిటీ తెలంగాణకు రూ.28.34 కోట్లు రావాలని లెక్క తేల్చింది. అంటే వాదనలో పస ఉందని ప్రభుత్వం వేసిన కమిటీయే ఒప్పుకుంది. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో జనం తమ తీర్పు చెప్పారు. తెలంగాణలోని 14 స్థానాల్లో ప్రజాసమితి 10 గెలిచింది. దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే, ఆ గాలిని తట్టుకుని పుట్టి రెండేళ్లయినా నిండని పార్టీ సాధించిన విజయం అది. అనర్హత వల్ల చెన్నారెడ్డి స్వయంగా పోటీ చేయలేదు. ఓట్లు పడింది ఆయన పేరు మీద, ఆయన పార్టీ మీద.

ఆరు నెలలు తిరిగేసరికి, 1971 సెప్టెంబరులో, ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బదులుగా వచ్చినవి ఇవి: ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోవడం, ఆయన స్థానంలో తెలంగాణ వాడైన పి.వి.నరసింహారావు రావడం, ముల్కీ రక్షణల కొనసాగింపు మీద హామీలు. రాష్ట్రం మాత్రం రాలేదు.

ఇక్కడ ఆగి అంకెలు చూడాలి. 1971లో ఇందిర పార్టీకి లోక్‌సభలో 352 సీట్లున్నాయి. సమితి పది మంది ఎంపీలు ఉన్నా, లేకున్నా ఆమె ప్రభుత్వానికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి గెలిచింది అయిదు ఎంపీ సీట్లే. అయినా 145 సీట్లున్న కాంగ్రెస్‌కు మిత్రులు కావాలి గనుక తెలంగాణ మాట యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలోకి ఎక్కింది. పది సీట్లతో సాధించలేనిది అయిదు సీట్లతో మొదలవడానికి కారణం నాయకుల నిజాయితీలో తేడా కాదు, లోక్‌సభ లెక్కలో తేడా. చెన్నారెడ్డిని సమర్థించేవాళ్లు చెప్పగలిగిన బలమైన మాట ఇదే. ఇందిర ఒప్పుకోదని తెలిసినప్పుడు పోరాడుతూ పోతే ఏం మిగిలేదని వాళ్ల వాదన.

కానీ ఆ వాదన ఒక చోట కుప్పకూలుతుంది. రాష్ట్రం రాదని తేలితే ఆ మాట జనానికి చెప్పి, పార్టీని నిలబెట్టుకుని, తగిన సమయం కోసం కాచుకోవచ్చు. తమిళనాడులో ద్రావిడ పార్టీలు, పంజాబ్‌లో అకాలీలు చేసింది అదే. సమితికి ఓట్లేసినవాళ్లను అడగకుండా, అసెంబ్లీ ఎన్నికలు ఆరు నెలల దూరంలో ఉండగా పార్టీని మూసేయడం అవసరం కాదు, ఎంపిక. సొంత ఇల్లు కట్టుకునే అవకాశం చేతికి వచ్చినప్పుడు చెన్నారెడ్డి పాత ఇంట్లో మంచి గది అడిగారు. ఆ నిర్ణయం ఖరీదు మూడు దశాబ్దాలు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే ప్రత్యేక ఆంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది, పీవీ ప్రభుత్వం పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చి ముల్కీ నిబంధనలకు, ప్రాంతీయ మండలికి మంగళం పాడింది. విలీనానికి ప్రతిఫలంగా దక్కినవి రెండేళ్లలో గాలికి పోయాయి. ఆ రోజుల్లో తెలంగాణ తరఫున మాట్లాడటానికి సొంత పార్టీ అంటూ బలంగా ఏదీ మిగల్లేదు. 2014లో రాష్ట్ర బిల్లు పాసయ్యాక టీఆర్ఎస్‌ను కాంగ్రెస్‌లో కలపాలన్న ఒత్తిడిని కేసీఆర్ తోసిపుచ్చినప్పుడు, పాత తరం కార్యకర్తలు 1971ని గుర్తు చేసుకోవడం ఊరికే కాదు.

ఎమర్జెన్సీలో లక్నో, ఆ తర్వాత గాంధీ భవన్

ఆరేళ్ల అనర్హత 1974తో ముగిసింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన్ను ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా పంపారు. ఎన్నికల్లో నిలబడే హక్కు తిరిగి వచ్చిన వెంటనే ఎన్నికల రాజకీయాలకు దూరంగా ఉంచే పదవి ఇచ్చారన్నమాట. ఎమర్జెన్సీ అంతా ఆయన లక్నో రాజ్‌భవన్‌లోనే ఉన్నారు. ఆయన హయాంలోనే అక్కడ రెండుసార్లు రాష్ట్రపతి పాలన వచ్చింది. జనతా ప్రభుత్వం వచ్చాక 1977 అక్టోబరులో పదవి వదిలారు.

ఆ తర్వాతి అయిదు నెలలు ఆయన జీవితంలో అన్నిటికంటే మెరుపులాంటి ఘట్టం. 1978 జనవరి మొదట్లో కాంగ్రెస్ చీలింది. ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించిన అధ్యక్షుడు ఎవరో కాదు, 1969లో చెన్నారెడ్డి ఎవరి మీద పోరాడారో ఆ బ్రహ్మానందరెడ్డే. రాష్ట్రంలో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు బ్రహ్మానందరెడ్డి వైపున ఉన్నారు. ప్రభుత్వం, యంత్రాంగం, జనానికి అలవాటైన ఆవు-దూడ గుర్తు, అన్నీ అటే. ఇందిర వైపు ఉన్నది కొత్త హస్తం గుర్తు, ఆమె పేరు, చెన్నారెడ్డి లాంటి కొద్దిమంది. పోలింగ్‌కు రెండు నెలల సమయం కూడా లేదు.

ఫలితాల్లో 294 స్థానాలకు ఇందిరా కాంగ్రెస్‌కు 175 వచ్చాయి. జనతాకు 60. అధికారంలో ఉన్న కాంగ్రెస్ 30 దగ్గర ఆగిపోయింది. కొత్తవాళ్లకు, బీసీలకు, కుర్రాళ్లకు టికెట్లు దొరికిన ఎన్నిక అది. చంద్రగిరి నుంచి చంద్రబాబు నాయుడు హస్తం గుర్తు మీద తొలిసారి అసెంబ్లీకి వచ్చింది అప్పుడే. పులివెందుల నుంచి రాజశేఖరరెడ్డి అవతలి కాంగ్రెస్ తరఫున గెలిచి వచ్చిందీ అప్పుడే. ఆ తర్వాత మూడు దశాబ్దాల రాష్ట్ర రాజకీయం ఆ సభలోంచే నడిచింది. ఉత్తరాదిలో ఊడ్చుకుపోయిన ఇందిరకు ఊపిరి పోసింది ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఫలితాలే. 1980 జనవరిలో ఆమె మెదక్ నుంచి కూడా పోటీ చేసి, రెండు చోట్లా గెలిచాక రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 ఎంపీ సీట్లలో 41 కాంగ్రెస్ ఖాతాలో పడ్డాయి.

పాలన విషయానికి వస్తే అంత వెలుగు లేదు. పదవి చేపట్టిన నెల తిరక్కుండానే హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులు సామూహిక అత్యాచారం చేశారన్న ఆరోపణ, ఆమె భర్త మరణం నగరాన్ని కుదిపేశాయి. జనం స్టేషన్ మీదకు వెళ్లారు, కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కానీ కర్ణాటకలోని రాయచూరుకు మారిన కేసులో నిందితులు విడుదలయ్యారు. దేశంలో కస్టడీ అత్యాచారాల మీద మహిళా సంఘాలు కదలడానికి దారితీసిన ఘటనల్లో ఇదొకటి. ఒక ప్రభుత్వాన్ని అంచనా వేయడానికి గెలిచిన సీట్లు సరిపోవు. స్టేషన్‌లో దిక్కులేని మనిషికి ఏం జరిగిందన్నది కూడా చూడాలి. ఆ పరీక్షలో ఆ ప్రభుత్వం నిలబడలేదు.

1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా, మరుసటి ఏడాది విజయనగరం జిల్లా ఆయన హయాంలోనే ఏర్పడ్డాయి. మరోవైపు అవినీతి ఆరోపణలు, మంత్రులతో, ఎమ్మెల్యేలతో దురుసుతనం మీద ఫిర్యాదులు ఢిల్లీ చేరుతూనే ఉన్నాయి. అసమ్మతి ఎమ్మెల్యేలు రైలెక్కి వెళ్లి మొర పెట్టుకోవడం అప్పట్లో మామూలైంది. 1980 అక్టోబరులో ఇందిర ఆయన్ను దించేసి టి.అంజయ్యను పంపారు. కష్టకాలంలో పార్టీని గెలిపించిన ముఖ్యమంత్రిని, 41 ఎంపీలు వచ్చిన తొమ్మిది నెలలకే మార్చేశారు. బలం ఉన్న నాయకుడితో అధిష్ఠానానికి పని ఓట్ల రోజు వరకే. కర్ణాటకలో ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్‌కూ అంతకు ముందే ఇందిరతో చెడింది.

ఆ తర్వాత జరిగింది రాష్ట్ర చరిత్రనే మార్చింది. అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. చెన్నారెడ్డితో కలిపి అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు. 1982 మార్చిలో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టి తెలుగువారి ఆత్మగౌరవం అన్నప్పుడు అది జనానికి అంత సూటిగా తగలడానికి కారణం ఈ ముఖ్యమంత్రుల మార్పిడే. తొమ్మిది నెలల పార్టీ రెండు వందల పైచిలుకు సీట్లు గెలిచింది. ఢిల్లీకి ఎదురు నిలిచే ప్రాంతీయ పార్టీకి ఇక్కడ చోటు ఉందని 1971లోనే రుజువు చేసిన నాయకుడు, ఆ చోటులోకి మరొకరు వచ్చి కూర్చునేనాటికి పంజాబ్‌లో గవర్నర్‌గా ఉన్నారు.

రెండో రాక, రెండో పోక

పంజాబ్‌లో ఏడాది కూడా లేరు. 1984లో కాంగ్రెస్‌కు దూరమై నేషనల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టారు. అది నిలబడలేదు. ఎన్టీఆర్ కట్టిన వేదిక అప్పటికే గట్టిపడింది, ప్రాంతీయ పార్టీకి అవకాశం ఉన్న రోజులు ఆయన చేజారాయి. మళ్లీ కాంగ్రెస్ గూటికే చేరారు.

1989 నాటికి ఎన్టీఆర్ ప్రభుత్వం మీద విసుగు పెరిగింది. విజయవాడ కాంగ్రెస్ ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య, ఆ తర్వాతి అల్లర్లు కోస్తాలో కోపం రగిల్చాయి. పీసీసీ అధ్యక్షుడిగా చెన్నారెడ్డి పాత కక్షలున్న వర్గాలన్నిటినీ ఒక చోటికి తెచ్చారు. కాంగ్రెస్ 181 సీట్లు గెలిచింది, ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయారు. దేశంలో రాజీవ్ గాంధీ ఓడిన ఎన్నికల్లో రాష్ట్రం 39 ఎంపీలను ఇచ్చింది. ఇందిర ఓడిపోయి ఉన్నప్పుడు 1978లో, రాజీవ్ ఓడినప్పుడు 1989లో, రెండుసార్లూ గెలిపించింది ఒకే మనిషి. డిసెంబర్ 3న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ ఏడాది పాలన మీద ఇప్పటికీ సరైన చర్చ జరగలేదు. 1990 మే 9న మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుపాను 1977 దివిసీమ ఉప్పెనతో పోల్చదగ్గ తీవ్రత కలిగింది. 1977లో దాదాపు పదివేల మంది చనిపోతే, 1990లో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. లక్షలమందిని ముందుగానే తీర గ్రామాల నుంచి తరలించడం వల్లే అది సాధ్యమైంది. హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడటం, అధికారుల అనుభవం అందుకు తోడ్పడ్డాయి. అధికార యంత్రాంగాన్ని పరుగులు పెట్టించడంలో చెన్నారెడ్డికి ఉన్న పేరు కూడా అక్కడ పనికొచ్చిందనే అనాలి.

నక్సలైట్ల విషయంలో ఆయన తీసుకున్న నిర్ణయం ఇంకా సాహసమైంది. ఎన్‌కౌంటర్లకు బ్రేకు వేసి, బహిరంగ సభల మీద ఆంక్షలు సడలించారు. ఏళ్లుగా అజ్ఞాతంలో ఉన్న విప్లవ గాయకుడు గద్దర్ 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో జనం ముందుకొచ్చారు. మేలో వరంగల్‌లో జరిగిన రైతు కూలీ సంఘం మహాసభకు లక్షల్లో జనం వచ్చారు. ప్రభుత్వానికి అంత జనం చూసి టెన్షన్ పట్టుకుంది. పల్లెల్లో సాయుధ దళాల దూకుడు పెరగడంతో ఏడాది చివరికి పోలీసు బలగాలు మళ్లీ రంగంలోకి దిగాయి. చర్చలు, ఒప్పందాలు అంటూ ఏమీ లేకుండా తలుపు తెరిచి, ఏమీ లేకుండానే మూసేశారు. ఆంక్షలు ఎత్తేయాలన్న ఆలోచన మంచిదే. దాన్ని ఒక విధానంగా మలిచే ఓపిక, సమయం రెండూ లేకపోయాయి.

అప్పటికి సొంత పార్టీలోనే కుంపట్లు రాజుకున్నాయి. అద్వానీ రథయాత్ర తర్వాత దేశమంతా ఉద్రిక్తత నడుస్తున్న వేళ, 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో మతకల్లోలాలు చెలరేగాయి. వంద మందికి పైగా చనిపోయారు. తనను దించడానికి సొంత పార్టీ ప్రత్యర్థులే వీటిని రాజేశారని చెన్నారెడ్డి స్వయంగా ఆరోపించారు. ఆ ఆరోపణ కోర్టులో తేలలేదు. తేలనంత మాత్రాన దాని బరువు తగ్గదు. ఒక ముఖ్యమంత్రి తన పార్టీవాళ్లే జనాన్ని చంపించారని అన్నప్పుడు, ఆ పార్టీ నిగ్గు తేల్చకుండా ముఖ్యమంత్రిని మార్చి ఊరుకుంది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. శాంతిభద్రతలు కాపాడలేకపోయిన బాధ్యత నుంచి ఆ ఆరోపణ చెన్నారెడ్డిని కూడా తప్పించదు. డిసెంబర్ 17న నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రమాణం చేశారు.

రాజ్‌భవన్లలో చివరి పోరు

ప్రధాని అయిన పీవీ 1992లో ఆయన్ను రాజస్థాన్ గవర్నర్‌గా పంపారు. 1971లో విలీనం వల్ల ముఖ్యమంత్రి అయిన పీవీ, ఇరవై ఏళ్ల తర్వాత ఆ విలీనం చేసిన నాయకుడికి రాజ్‌భవన్ ఇచ్చారు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత 1992 డిసెంబర్ 15న భైరాన్‌సింగ్ షెకావత్ ప్రభుత్వం బర్తరఫ్ అయినప్పుడు గవర్నర్ చెన్నారెడ్డే. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ బర్తరఫ్‌ను సమర్థించింది. రాష్ట్రాల హక్కులకు రక్షగా చెప్పుకునే తీర్పులోనే ఈ సమర్థన కూడా ఉందన్నది చాలామంది గుర్తుంచుకోరు.

1993 మేలో తమిళనాడుకు మారారు. అక్కడ ముఖ్యమంత్రి జయలలిత. ఇద్దరిదీ వెనక్కి తగ్గే తత్వం కాదు. విశ్వవిద్యాలయాల ఛాన్సలర్‌గా గవర్నర్‌ను తప్పించి ముఖ్యమంత్రిని పెట్టే బిల్లును సభ ఆమోదించింది. 1995 మార్చిలో సుబ్రహ్మణ్యస్వామి పిటిషన్ మీద జయలలితను ప్రాసిక్యూట్ చేయడానికి చెన్నారెడ్డి అనుమతి ఇచ్చారు. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి మీద కేసుకు గవర్నర్ తలూపడం దేశంలో అరుదు. ఏప్రిల్‌లో తిండివనం దగ్గర అన్నాడీఎంకే కార్యకర్తలు ఆయన కాన్వాయ్‌ను అడ్డుకున్నారు. గవర్నర్‌ను వెనక్కి పిలవాలని అసెంబ్లీ తీర్మానించింది. ఆయన తనతో అనుచితంగా ప్రవర్తించారని జయలలిత సభలోనే ఆరోపించారు. ఆ ఆరోపణను ఏ విచారణా తేల్చలేదు.

ప్రాసిక్యూషన్ అనుమతి చట్టపరంగా గవర్నర్ అధికారంలోనిదే, దాన్ని తప్పుపట్టలేం. కానీ గవర్నర్ కేంద్రం మనిషిగా ముద్ర పడ్డాక, ఆయన సరైన పని చేసినా జనం అందులో ఢిల్లీ చేయినే చూస్తారు. రాష్ట్రంలో ఉన్నప్పుడు అధిష్ఠానం పెత్తనానికి రెండుసార్లు పదవి పోగొట్టుకున్న నాయకుడు, వేరే రాష్ట్రాల్లో అదే పెత్తనానికి ప్రతినిధిగా నిలబడాల్సి వచ్చింది. 1996 మేలో కరుణానిధితో ప్రమాణం చేయించింది ఆయనే. ఆ ఏడాది డిసెంబర్ 2న గవర్నర్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన సమాధి హైదరాబాద్ ఇందిరా పార్కులో ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే జూబ్లీహిల్స్ సంస్థ ఆయన పేరు మీదే నడుస్తోంది.

రెండుసార్లు కలిపి చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నది నాలుగేళ్ల లోపే. నాలుగు రాష్ట్రాల్లో గవర్నర్‌గా ఉన్నది ఎనిమిదేళ్లకు పైనే. జనం ఓట్లేసి ఇచ్చిన కుర్చీ కంటే ఢిల్లీ ఇచ్చిన కుర్చీల్లోనే ఆయన రెట్టింపు కాలం కూర్చున్నారు. ముఖ్యమంత్రులను ఢిల్లీ మధ్యలో మార్చే ఆనవాయితీ ఆయన దిగిపోయిన తర్వాత కూడా మారలేదు. 1989-94 మధ్య ఆయనతో కలిపి కాంగ్రెస్ నుంచి ముగ్గురు ముఖ్యమంత్రులు వచ్చారు, పార్టీ 1994లో 26 సీట్లకు పడిపోయింది. చెన్నారెడ్డి తొలిసారి ప్రమాణం చేసిన 1978 నుంచి చూస్తే, రాష్ట్రంలో కాంగ్రెస్ ముఖ్యమంత్రి ఒకరు అయిదేళ్ల కాలం పూర్తిగా పదవిలో ఉండటం 2004-09లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి దాకా జరగలేదు.